తొక్కుడు పడవకి మోటారు

జూన్ 3, మంగళవారం

అక్క వెనక్కి జరిగింది. అందుకే మునిగింది.

ఆదివారం నుంచి అందరికీ ఇదే చెప్తున్నాను. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకి చెప్పాను, చెరువు గట్టు మీద పేర్లు రాసుకున్న పోలీసుకి చెప్పాను, షాపు పక్కన టైర్లాయనకి చెప్పాను. అందరూ తలూపారు. అక్కని ఒకసారి చూసినవాళ్లు తలూపడానికి పెద్దగా ఆలోచించరు. ఎనభై రెండు కిలోల మనిషి చిన్న పడవలో వెనక్కి జరిగితే ముక్కు లేస్తుంది, వెనక మునుగుతుంది. మా బుడ్డదానికి కూడా తెలిసిన లెక్క.

షాపు తీసి గంటైంది. రెండు నీళ్ల పంపులు విప్పి ముందేసుకుని ఒక్కదాని మీదా చెయ్యి వెయ్యలేదు. డీలరు ఇచ్చిన డైరీ సొరుగులో కొత్తగా పడుంది. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు, ఊరికే కూర్చోబుద్ధీ కావడం లేదు. అందుకని దీంట్లో గీకుతున్నాను. చదివేవాళ్లు లేరు. నా చేతిరాత మా ఆవిడకి అర్థం కాదు, నాకే సగం అర్థం కాదు.

బావకి నిన్న ఆపరేషన్ చేశారు. కుడిచెయ్యి, చూపుడువేలు, మధ్యవేలు. మోటారు ఫ్యాను రెక్క తగిలింది. నరాలు కలిపి కుట్టారట. వేళ్లయితే ఉన్నాయి, వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

బావ టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు. ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి అది.


జూన్ 4, బుధవారం

మోటారుది తప్పేం లేదు. దాని గురించి ఎవరూ ఒక్క మంచి మాట అనడం లేదు గానీ, పడవ వెనక్కి ఒరిగి నీళ్లు తాగుతున్నప్పుడు కూడా అది ఆగలేదు. వైండింగు నేను స్వయంగా చుట్టాను. నీళ్లలోకి పోయాక కూడా తిరుగుతూనే ఉంది.

పై వాక్యం కొట్టేద్దామని కలం పెట్టి మళ్లీ తీశాను. ఉండనీ.


జూన్ 6, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్లొచ్చాను. బావ మంచం మీద కూర్చుని ఎడమచేత్తో అరటిపండు తింటున్నాడు. నన్ను చూసి నవ్వి, రావోయ్ కెప్టెన్ అన్నాడు. పడవ కొన్న రోజు నుంచీ నన్ను అలాగే పిలుస్తాడు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాను. నేనేం దొంగతనం చేశానని?

అక్క కాళ్ల వైపు చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది. అక్క ఆడపడుచు కూడా వచ్చింది. ఆవిడ ఆ స్టూలుని చూసి, ఇదైనా జాగ్రత్త తల్లీ అంది. నర్సు నవ్వింది. అక్క కూడా నవ్వింది. అక్క ఎప్పుడూ అంతే, తన ఒంటి మీద జోకు ముందు తనే వేసేసుకుంటుంది, ఇంకొకళ్లకి అవకాశం ఇవ్వదు. ఈసారి మాత్రం నవ్వి, మెల్లగా లేచి నిలబడింది. నేను ఉన్న గంటా మళ్లీ కూర్చోలేదు.

ఆ ఆడపడుచు నోట్లో నువ్వుగింజ నానదు. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ కథ ఆవిడే చెప్తోంది. ఏనుగుని ఎక్కించుకుని ఏరు దాటబోతే ఇంతే మరి, వెనక్కి జరిగిందట, అంతే, బోల్తా. ఆవిడ అలా అన్న ప్రతిసారీ అక్క నా వైపు చూసింది. నేను కిటికీలోంచి కింద స్కూటర్లు పెట్టే చోటు చూశాను.

వెనక్కి జరిగిన మాట నిజమే కదా. నేను అబద్ధం ఏం చెప్పాను?


జూన్ 9, సోమవారం

పడవ సంగతి మొదట్నుంచీ రాస్తే నాకే తెలుస్తుంది తప్పు ఎక్కడుందో. పంపు పనిచెయ్యకపోతే ఒక్కో భాగం విప్పి వరసగా పెట్టుకుంటాం కదా, అలాగ.

చెరువు పార్కు వాళ్లు పాతబడ్డాయని తీసేసిన పడవల్లో ఒకటి నేను తెచ్చాను. నాలుగు సీట్లది, ఫైబరుది, సైకిల్లా తొక్కితే కింద చక్రం తిరిగి ముందుకి పోతుంది. ఇంట్లో అందరం తొక్కుడు పడవ అనేవాళ్లం. ఏడాది పాటు ఆదివారాలు హాయిగా గడిచాయి. అక్కకి మోకాళ్ల నొప్పులు. తొక్కలేదు. వెనక మహారాణిలా కూర్చుని మమ్మల్ని తోలేది. పాపం తను కూడా ఒక చెయ్యి వెయ్యలేకపోతున్నానే అని బాధపడేది, అందుకే మోటారు పెట్టాను. అక్క కోసమే పెట్టాను.

మా ఆవిడ అప్పుడే అడిగింది, తొక్కితే పోతోంది కదా, మోటారు ఎందుకండీ అని. పడవ వెనక పలక మీద అచ్చేసి ఉన్న అక్షరాలు చదివి వినిపించింది కూడా. నలుగురికి మాత్రమే. మోటారు బిగించరాదు. కంపెనీ వాళ్లు పిరికివాళ్ల కోసం రాస్తారు అవన్నీ అన్నాను. బిగింపుకి నాలుగు కన్నాలు వేస్తే, ఒక కన్నం సరిగ్గా ఆ అక్షరాల మీదే వచ్చింది. "బిగించరాదు"లో "రాదు" ఎగిరిపోయింది. చూడు, ఇప్పుడు బిగించవచ్చు అని జోకు వేశాను. మా ఆవిడ నవ్వలేదు. తనకి హాస్యం తక్కువ.


జూన్ 10, మంగళవారం

ఆ ఆదివారం నీళ్లు వంపారా అని మా ఆవిడ అడిగింది.

వంపానన్నాను.


జూన్ 12, గురువారం

మాలో ఒక మాట ఉంది. నాకు పని నేర్పిన మేస్త్రీ రోజుకి పదిసార్లు అనేవాడు: చుక్క కారని పంపు కాలిపోతుంది. ఇరుసు బయటికొచ్చే చోట నూలుతాడు గ్రీజులో ముంచి చుట్టి బిగిస్తాం. మరీ బిగిస్తే ఇరుసు రాసుకుని వేడెక్కి పాడవుతుంది. అందుకని చుక్కా చుక్కా కారేటట్టు వదలాలి. కారుతున్నదంటే పని సరిగ్గా జరిగిందని అర్థం. ఇరవై ఆరేళ్లుగా చుక్క కారితే నాకు సంతోషం.

పడవకి కన్నాలు వేసి, బోల్టుల చుట్టూ అదే తాడు, అదే గ్రీజు. నీళ్లలోకి దించాక లోపలి వైపు చుక్కా చుక్కా కారింది. మా ఆవిడ చూపిస్తే, కారాలి, అదే పద్ధతి అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఇందులో మోసం లేదు. ఇరుసు తిరుగుతుంది కాబట్టి దానికి చుక్క కావాలి. బోల్టు తిరగదు. ఈ తేడా ఏడో తరగతి పిల్లాడికి తెలుస్తుంది. నాకు మాత్రం అప్పుడు తట్టలేదు.

పైకి కారింది కొంచెమే. మిగతాది రెండు పొరల మధ్య బోలులోకి పోయింది, అది కంటికి కనపడదు. మొదటి వారం కింద మూత తీస్తే అరబకెట్టు వచ్చింది. తరవాత ఒకటి. తరవాత రెండు. మోటారు బరువుకి కన్నాలు సాగుతున్నాయన్నమాట. ప్రతి ఆదివారం పొద్దున్నే పెరట్లో మూత తీసి వంపడం, మూత పెట్టడం, చెరువుకి పోవడం. మా ఆవిడ అడిగింది దాని గురించే.


జూన్ 14, శనివారం

బావని ఇంటికి పంపారు. చూడ్డానికి వెళ్లాం. కట్టు మోచేతి దాకా ఉంది. కత్తెర ఎడమచేత్తో పట్టుకుని పాత కాగితాల మీద సాధన చేస్తున్నాడు. కత్తెరలన్నీ కుడిచేతి వాటం వాళ్లకే చేస్తారట, ఎడమచేత్తో పడితే గుడ్డ తెగదు, నలుగుతుంది. ఓనరు మంచివాడు, రెండు నెలలు చూస్తానన్నాడట. ఆ తరవాత ఏమిటని నేను అడగలేదు.

భోజనాలకి కూర్చున్నాం. అక్క అందరికీ వడ్డించి తను కూర్చోలేదు. తరవాత తింటానంది. మేం లేచాక చూశాను, గ్లాసుడు మజ్జిగ తాగి కంచం కడిగేసింది. ముందుగదిలో కొత్తగా బరువు చూసుకునే మిషను పెట్టుకుంది. బుడ్డది దాని మీదెక్కి గెంతుతుంటే అక్క దాన్ని దింపి, ఇది ఆడుకునేది కాదమ్మా అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఒకటో తరగతి పిల్లలకి పాఠం చెప్పే మనిషి, పసిపిల్లలతో ఆవిడ అలా మాట్లాడదు.

మా బుడ్డది ఇంటికొచ్చే దారిలో అడిగింది, అత్త లావుగా ఉండడం వల్లే మావయ్య చెయ్యి పోయిందా నాన్నా అని. ఎవరు చెప్పారే అన్నాను. అత్తే చెప్పిందట.


జూన్ 17, మంగళవారం

పడవ మా పెరట్లో బోర్లా పడుంది. అమ్మేద్దామని ఫైబరు తొట్లు చేసే ఆయన్ని పిలిచాను. ఆయన వేలి కణుపుతో చుట్టూ కొట్టి చూశాడు, పుచ్చకాయ కొట్టి చూసినట్టు. ఇంకా నీళ్లున్నాయన్నాడు. తిప్పి మూత తీస్తే వచ్చాయి. అయిదు బకెట్లు నింపాను. పదిహేను లీటర్ల బకెట్లు.

మునిగి పదహారు రోజులైంది, ఇంకా అయిదు బకెట్లు.


జూన్ 18, బుధవారం

అవి మునిగినప్పుడు లోపలికి పోయిన నీళ్లు కూడా కావచ్చు. మునిగిన పడవలోకి నీళ్లు పోవా? పోతాయి. ఆ రోజు ముందే ఉన్నాయని ఎవరూ నిరూపించలేరు.


జూన్ 19, గురువారం

ఫైబరాయన మళ్లీ వచ్చాడు. బోలులోంచి ఒక స్పాంజి ముక్క లాగి నా చేతిలో పెట్టాడు. పచ్చగా, జారుడుగా, పాచి పట్టి ఉంది. ఇది ఒక్కరోజు తడిసింది కాదండీ, నెలల తరబడి నానింది అన్నాడు. దీని మీద నలుగురు ఎక్కారా అన్నాడు. పైగా బ్యాటరీయా అన్నాడు. ఇన్వర్టరు బ్యాటరీ, ఎత్తడానికి ఇద్దరు కావాలి, అది కూడా వెనకే పెట్టాను. ఆయన చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. పడవ కొంటాననీ అనలేదు, కొనననీ అనలేదు.

సిగ్గేసింది. ఒక తొట్లు చేసేవాడి ముందు, మా ఇంటి పెరట్లో, పట్టపగలు.


జూన్ 22, ఆదివారం

ఇవాళ రాసేస్తాను. మొత్తం రాసి, తరవాత ఈ డైరీ పొయ్యిలో పెట్టినా పెడతాను.

నీళ్లు వంపలేదు. ఆ ఆదివారం వంపలేదు, అంతకు ముందు ఆదివారం కూడా వంపలేదు. మొదటిసారి బద్ధకం. రెండోసారి అక్కా బావా పొద్దున్నే దిగిపోయారు. వాళ్ల ముందు మూత తీసి బకెట్లు బకెట్లు వంపితే నా పని మీద ఏమనుకుంటారు? అరె, నీ పడవ చిల్లుదా అని బావ నవ్వడూ? ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను. చెరువులోకి దించేటప్పుడే వెనక భాగం ఎప్పటికన్నా నాలుగు వేళ్లు కిందికి కూర్చుంది. నేను చూశాను. చూసి, అటు తిరిగి బుడ్డదాని లైఫ్ జాకెట్ బొత్తాలు పెట్టాను. లైఫ్ జాకెట్ ఉన్నది అదొక్కటే.

ముందు సీట్లలో నేనూ బుడ్డదీ. వెనక అక్కా బావా. మా ఆవిడ గట్టు మీదే ఉండిపోయింది, తను మోటారు పెట్టాక ఒక్కసారి కూడా ఎక్కలేదు. కొంతదూరం పోయాక పడవ మందగించింది. లోపల నీళ్ల బరువు, అంతే కారణం. నాకు మాత్రం పరువు సమస్య వచ్చింది. పార్కు వాళ్ల పడవ ఒకటి, ఇద్దరు కాలేజీ పిల్లలు తొక్కుతున్నది, మమ్మల్ని దాటిపోయింది. మోటారు పెట్టుకున్నవాణ్ని తొక్కేవాళ్లు దాటిపోయారు. ముక్కు కొంచెం పైకి లేస్తే స్పీడు వస్తుందనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. బావ పక్కకి వంగి జేబురుమాలు నీళ్లలో తడుపుతున్నాడు. మోటారు చప్పుడులో మాట వినపడదు, అందుకని అక్కకి సైగ చేశాను. వెనక్కి జరిగి బ్యాటరీ పక్కన అరుగు మీద కూర్చో అని. ఎందుకు అన్నట్టు చూసింది. నేను రెండు బుగ్గలూ పూరించి, చేతులు ఇంత వెడల్పు చాచి, ముక్కు పైకి లేస్తుందని చూపించాను.

అక్క పగలబడి నవ్వింది. నవ్వుతూ వెనక్కి జరిగింది.

తరవాత అంతా ఒక్క నిమిషం. నీళ్లు వెనక నుంచి లోపలికి వచ్చాయి, అరుగు మునిగింది, అక్క జారిపోయింది. ఆవిడకి ఈత రాదు. బావ ఆవిడ వెనకే దూకి నడుం పట్టి పైకి ఎత్తబోయాడు. ఆయన చెయ్యి ఉన్న చోట ఫ్యాను తిరుగుతోంది. ఫ్యానుకి జాలీ ఉండేది. జాలీ ఉంటే స్పీడు తగ్గుతోందని నేనే తీసేశాను. స్విచ్ నా మోకాలి దగ్గర. ఒక్క వేలితో నొక్కితే ఆగేది. మణికట్టుకి ఒక తాడు కట్టుకుని స్విచ్‌కి తగిలించి ఉంటే నేను లేవగానే అదే ఆగేది. నేను బుడ్డదాన్ని ఎత్తుకున్నాను. అది తప్పని ఎవరూ అనరు. కానీ బుడ్డదానికి జాకెట్ ఉంది.

చెరువులో చేపలు పట్టే వలవాళ్లు వచ్చి అందరినీ లాగారు. గట్టెక్కాక ఎవరో ఎలా జరిగిందని అడిగారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, అక్క వెనక్కి జరిగింది.

అక్క కోసం మోటారు పెట్టలేదు. అది కూడా రాసేస్తున్నాను. తొక్కి తొక్కి చెమటలు కారుస్తుంటే గట్టు మీద జనం చూడ్డం నాకు నామోషీగా ఉండేది. అక్క మోకాళ్లు నాకు సాకుగా దొరికాయి.


జూన్ 23, సోమవారం

డైరీ పొయ్యిలో పెట్టలేదు.


జూన్ 25, బుధవారం

అక్కకి ఫోన్ చేశాను. చెప్పేద్దామనే చేశాను. బడిలో పంపు ఎలా పనిచేస్తోందని అడిగాను. బాగానే ఉందిరా, ఎందుకూ అంది. ఊరికే అన్నాను. ఏమన్నా చెప్పాలా అంది. ఏం లేదు, వానలింకా సరిగ్గా పడలేదు కదా, నీళ్లు కిందికి పోతాయి, జాగ్రత్త అన్నాను. సరే, నువ్వు వేళకి తింటున్నావా అని అడిగింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను కాలు కడుక్కోవడం లేదు, బురదకాళ్లతో అందరి ఇళ్లలోనూ తిరుగుతున్నాను.


జూన్ 30, సోమవారం

అక్క బడిలో కళ్లు తిరిగి పడిపోయింది.

బోర్డు మీద రాస్తూ రాస్తూ కూలబడిందట. పిల్లలు ఆడుతోందనుకుని ముందు నవ్వారట, తరవాత ఏడ్చారట. పక్క క్లాసు టీచరు ఆటోలో తీసుకెళ్లింది. నేను వెళ్లేసరికి సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ బావని కడిగేస్తోంది, ఈవిడ నెలలో తొమ్మిది కిలోలు తగ్గారు, ఇంట్లో ఎవరూ గమనించలేదా, ఎముకలు గుల్లయిపోతాయి, గుండెకి మంచిది కాదు అని. బావ కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు. తిట్లు తినాల్సినవాణ్ని నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

అక్క ఆడపడుచు బయట బెంచీ మీద నాతో, ఏదో ఒక రకంగా బుద్ధొచ్చింది, తగ్గితే మంచిదేగా అంది. ఆవిడకి ఆ మాట నేర్పింది నేనే.


జూలై 1, మంగళవారం

మా ఆవిడ బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అంది. "ఆ రోజు మీరు మూత తియ్యలేదు. నేను లేచేసరికి పెరట్లో నేల పొడిగా ఉంది."

నెల రోజులుగా తెలుసు తనకి. ఎందుకు చెప్పలేదని అరిచాను. అరవడానికి నాకు నోరు ఎలా వచ్చిందో. మీ నోటి నుంచి వస్తుందేమోనని చూశాను అంది. నేను చెప్తే వదిన నమ్ముతుంది గానీ ఆవిడకి సరిపోదు, మీరు చెప్పాలి అంది. ఆదివారం దాకా చూస్తానంది. కోప్పడలేదు. కోప్పడితే నేను కూడా రెండు మాటలు అనేవాణ్ని, అంతటితో అయిపోయేది.

తనకి హాస్యం తక్కువని రాశాను పైన. నాకు సిగ్గు తక్కువ.


జూలై 4, శుక్రవారం

ఎల్లుండి.


జూలై 5, శనివారం

బావ ముందు ఎలా మొదలుపెట్టాలో రాసి చూసుకున్నాను. మొదటి ముక్కలోనే "నిజానికి అక్క వెనక్కి జరిగినా" అని వచ్చింది. కొట్టేశాను. మళ్లీ రాశాను. మళ్లీ అదే వచ్చింది.


జూలై 7, సోమవారం

నిన్న చెప్పాను.

మా ఆవిడా నేనూ పదకొండింటికి వెళ్లాం. బుడ్డదాన్ని పక్కింట్లో వదిలాం. అక్క ఆడపడుచు కూడా అక్కడే ఉంది. ఆవిడ లేనప్పుడు చెప్దామని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ ఏనుగు మాట అన్నది ఆవిడే, కాబట్టి ఆవిడ వినాల్సిందేనని కూర్చోమన్నాను. అక్క కుర్చీ అంచున కూర్చుంది. జాకెట్టు భుజాల దగ్గర వేలాడుతోంది. ఆ బట్టలన్నీ బావ కుట్టినవి. ఇప్పుడు సరిచేద్దామన్నా ఆయన చెయ్యి పనిచెయ్యదు.

చెప్పాను. కన్నాలు, చుక్క, బకెట్లు, పాచి పట్టిన స్పాంజి, తీసేసిన జాలీ. మధ్యలో ఒకసారి మా ఆవిడ నీళ్లిచ్చింది. బావ అన్నీ విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, ఆ రోజు లోపల ఎన్ని నీళ్లుండి ఉంటాయని. అయిదు బకెట్లన్నాను. డెబ్భై అయిదు లీటర్లు. బ్యాటరీతో కలిపితే నూటపది కిలోల పైమాటే.

బావ కుర్చీలో ముందుకి జరిగాడు. "అయితే ఆ రోజు పడవలో ఐదో మనిషి ఒకడున్నాడన్నమాట. మీ అక్కకన్నా బరువైనవాడు. వాణ్ని నువ్వే ఎక్కించావు."

అవునన్నాను.

అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "నేను జరగకపోయినా మునిగేదా?" అని అడిగింది. మునిగేది అన్నాను. నా మీద జాలిపడి చెప్పట్లేదు కదా అంది. లేదక్కా, కదలకుండా కూర్చున్నా ఇంకో పావుగంటకి మునిగేది అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. మూడోసారి ఆడపడుచు వైపు తిరిగి, విన్నారా వదినా అంది, గట్టిగా కాదు, క్లాసులో వెనక బెంచీ పిల్లని అడిగినట్టు. ఆ నోట్లో నువ్వుగింజ నానని మనిషి తల దించుకుని, విన్నానమ్మా అంది.

అప్పుడు మిగిలింది చెప్పాను. సైగ సంగతి. బుగ్గలు పూరించిన సంగతి. అక్క మధ్యలోనే ఆపేసింది.

"అది నాకు తెలుసు కదరా. జరగమంది నువ్వని నేనెవరికీ చెప్పలేదు. ఆయనకి కూడా చెప్పలేదు. ఎంతయినా తమ్ముడివి, నీ మీదకి రాకూడదనుకున్నా. నువ్వేమో నామీదకి తోసేసి హాయిగా ఉన్నావు."

హాయిగా లేనక్కా అనబోయాను. ఏ ముఖం పెట్టుకుని అంటాను? హాయిగా లేకపోతే మాత్రం, ఆవిడ అన్నం మానేసిన నెలంతా నేను మూడు పూటలా తిన్నాను.

బావ లేచాడు. కొడతాడేమో, కొట్టనీ అనుకున్నాను. నా ముందుకొచ్చి నిలబడి కుడిచెయ్యి చూపించాడు. కట్టు విప్పి నాలుగు రోజులైంది. ఆ రెండు వేళ్లు చాపుకుని కర్రల్లా ఉన్నాయి, మిగతావి మూసినా అవి మూసుకోవడం లేదు.

"ఈ చెయ్యి సంగతి వదిలెయ్. నువ్వు తెలివితక్కువ పని చేశావు, నాకు దెబ్బ తగిలింది, నా కర్మ అనుకుంటా. కానీ ఇది ముప్పై అయిదు రోజులు నా పక్కన పడుకుని, నీ చెయ్యి నేనే తీసేశానని ఏడ్చింది. రోజూ. నేను కాదని చెప్తే నమ్మలేదు. ఆ ముప్పై అయిదు రోజులూ నువ్వు తెలిసే చేశావు."

కెప్టెన్ అనలేదు. ఒరేయ్ అని కూడా అనలేదు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

మా ఆవిడ ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది. ఏడిస్తే అక్క ఊరుకోదు, వచ్చి తల నిమురుతుంది, నాకు తెలుసు. బహుశా అందుకే రాలేదేమో. లేదు, ఇది కూడా నన్ను నేను మంచివాణ్ని చేసుకోవడమే. ఎందుకు రాలేదో నాకు తెలియదు.

టైము ఒంటిగంటైంది. ఎవరూ వెళ్లమనలేదు, ఉండమనలేదు. అక్క వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడైంది. కంచాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. బావకి ఒకటి, ఆడపడుచుకి ఒకటి, మా ఆవిడకి ఒకటి, తనకి ఒకటి. నాకు పెట్టలేదు. మా అమ్మ పోయినప్పట్నుంచీ ముందు నాకు వడ్డించి తరవాత మిగతావాళ్లకి వడ్డించే మనిషి. మర్చిపోయిందేమో అనుకుందామని చూశాను. మర్చిపోలేదు. మా ఆవిడ లేచి తన కంచం నాకివ్వబోతే, నువ్వు కూర్చుని తినమ్మా అంది.

నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. అక్క కుర్చీ దగ్గరికి లాక్కుని, నిండుగా వెనక్కి ఆనుకుని కూర్చుంది. తినడం మొదలుపెట్టింది. ముందు నెమ్మదిగా తింది, తరవాత ఆకలి తెలిసినట్టుంది, గబగబా తింది. అక్క రెండోసారి వడ్డించుకుంది.